గుమాస్తాగారి కట్టలు, మా ఊరి సందులు

మా నాన్నగారు బెజవాడలో ఒక క్రిమినల్ వకీలుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. కోర్టు నుంచి వస్తూ ఆయన తెచ్చుకునే కేసు కట్టలు కృష్ణలంకలోని మా రెండు గదుల పెంకుటింట్లో బియ్యం డబ్బా మీదా, అమ్మ కుట్టుమిషను మీదా, ఒక్కోసారి నా స్కూలు పుస్తకాల మీదా ఉండేవి. రాత్రి భోజనాలయ్యాక ఆయన బెయిల్ దరఖాస్తులు రాసుకుంటుంటే, ఎఫ్ఐఆర్ నకలు చూసి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం అన్న వరసలో చదివి చెప్పడం నా వంతు. సెక్షన్లు నాకు అర్థమయ్యేవి కావు గానీ, ఆ వరసలోని చివరి రెండు గళ్లూ కంఠతా వచ్చేశాయి. వృత్తి అన్నచోట కూలి, రిక్షా, హమాలీ, లారీ క్లీనరు, లేకపోతే ఏమీ లేదు. నివాసం అన్నచోట కొండ మీద ఇళ్లు, కాల్వగట్టు, రాణిగారితోట, చిట్టినగర్‌లో ఒకటి రెండు సందులు, అజిత్‌సింగ్ నగర్. అప్పుడప్పుడూ మా వీధి పేరు కూడా వచ్చేది. అలా వచ్చినప్పుడు నాన్నగారు గొంతు తగ్గించి, "అది నేను రాసుకుంటాలే, నువ్వు తర్వాతది చదువు" అనేవారు.

బెజవాడ రౌడీల ఊరన్న పేరు అప్పటికే స్థిరపడి ఉంది. పెళ్లిళ్లకు వేరే జిల్లాల నుంచి వచ్చిన బంధువులు "మీ ఊళ్లో చీకటి పడ్డాక బయట తిరగొచ్చునా" అని అడిగితే మేము కొంచెం గర్వంగానే నవ్వేవాళ్లం. ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ఊరు ఏం చేసి బతికిందో ముందు చూడాలి. మద్రాసు నుంచి కలకత్తా పోయే రహదారీ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రహదారీ ఇక్కడే కలుస్తాయి. దేశంలోని పెద్ద రైల్వే జంక్షన్లలో ఇదొకటి. డెల్టా ధాన్యమూ, నూజివీడు మామిడీ ఇక్కడి నుంచే పైకి వెళతాయి. 1966లో ఏర్పడిన ఆటోనగర్‌లో లారీల మరమ్మతు, బాడీలు కట్టడం వేలమందికి తిండి పెట్టింది. గుర్తింపు కార్డూ పీఎఫ్ ఖాతా ఉన్న ఉద్యోగాలు ఈ ఊళ్లో ఎప్పుడూ తక్కువే. ఎత్తడం, దించడం, మోయడం, తోలడం ఎక్కువ. ఆ పనులకు కాగితం ఉండదు. రిక్షా స్టాండులో ఎవరి బండి ముందు నిలవాలి, లారీ ఆఫీసు దగ్గర ఏ ముఠా లోడు ఎత్తాలి, కాళేశ్వరరావు మార్కెట్ బయట ఎవరి తోపుడుబండి ఎక్కడ ఆగాలి అన్నవి ఏ రిజిస్టరులోనూ రాసి ఉండవు కనుక, వాటిని నిలబెట్టగలిగిన మనిషి అండ దొరికితేనే ఆ పూట కూలి దొరుకుతుంది.

మొదట్లో ఆ అండ ఎర్రజెండాది. కొండలెక్కి ఇళ్లు వేసుకున్నవాళ్లకూ, కాల్వగట్ల మీద గుడిసెలు కట్టుకున్నవాళ్లకూ, ముఠా కార్మికులకూ, రిక్షావాళ్లకూ అండగా నిలబడినవి కమ్యూనిస్టు సంఘాలే. 1981లో విజయవాడ నగరపాలక సంస్థకు జరిగిన మొదటి ఎన్నికల్లో ఆ పార్టీలే గెలిచి మేయరు పదవి తీసుకున్నాయంటే అది ఉపన్యాసాల వల్ల వచ్చిన గెలుపు కాదు. స్టాండు దగ్గరా, కుళాయి దగ్గరా ఏళ్ల తరబడి నిలబడినందుకు వచ్చినది. కానీ ఆ అండ విలువ ఇతరులకూ తెలిసింది. లారీ, టాక్సీ యూనియన్లూ, కాలేజీ విద్యార్థి సంఘాలూ వ్యక్తుల పేర్లతో నడిచే వర్గాల చేతుల్లోకి జారాయి. సంఘంలో సభ్యుడిగా ఉన్నవాడు మనిషి వెంట అనుచరుడయ్యాడు. ఈ మార్పు ఏ రోజున జరిగిందో చెప్పలేము గానీ, నాన్నగారి కట్టల్లో మాత్రం అది కనబడేది. అంతకుముందు కొట్లాట కేసుల్లో ముద్దాయిలు నలభై ఏళ్ల మనుషులు; తర్వాత తర్వాత పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై.

1988 డిసెంబరు 26 తెల్లవారుజామున, నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహన రంగా హత్యకు గురయ్యారు. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఊరూ, చుట్టుపక్కల జిల్లాలూ తగలబడ్డాయి. కర్ఫ్యూలో రోజుల తరబడి ఇంట్లో కూర్చున్న నాన్నగారికి, సడలింపు వచ్చాక మోయలేనంత పని వచ్చింది. ఆ కేసుల నకళ్లు కూడా నేనే చదివాను. తగలబెట్టడానికి పెట్రోలు తెచ్చినవారు ఎవరో, ఎవరు పంపితే వచ్చారో చాలా కాగితాల్లో లేదు. ఉన్నది ఎవరంటే, తలుపులు పగిలిన దుకాణాల్లోంచి చీరల కట్టో, టేబుల్ ఫ్యానో, బూట్ల జతో ఎత్తుకుపోతూ దొరికిన కుర్రవాళ్లు. వాళ్లలో ఒకడి తల్లి మా ఇంటి అరుగు మీద కూర్చుని, "గుమాస్తాగారూ, ఎడంకాలి బూట్లు రెండు తెచ్చాడండీ, అవేం చేసుకుంటాడు చెప్పండి" అని ఏడుస్తూనే నవ్వింది. దాన్నంతా రెండు కులాల గొడవగా ఇప్పటికీ చెబుతుంటారు. కులం లేదని నేను అనను, అది ఉన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. కానీ రెండు వైపులా వీధిలోకి దిగినవాళ్లు ఒకే రకం సందుల నుంచి వచ్చారనీ, ఆస్తులు పెరిగినవాళ్లెవరూ ఆ సందుల్లో లేరనీ కూడా అంతే తెలుసు.

అప్పటి సంగతుల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది జామీను వ్యవహారం. బెయిల్ మంజూరు కావడం ఒకటి, మనిషి బయటికి రావడం మరొకటి. ఇద్దరు జామీనుదారులు కావాలి, వాళ్ల పేర ఆస్తి ఉన్నట్టు ఇంటి పన్ను రసీదో, సాల్వెన్సీ సర్టిఫికెట్టో కావాలి. పట్టా లేని కొండ ఇంటికి ఆ కాగితం పుట్టదు, కాల్వగట్టు గుడిసెకు అసలే పుట్టదు. చిన్న దొంగతనం కేసులో బెయిల్ వచ్చి కూడా జామీను దొరక్క నెలల తరబడి సబ్ జైల్లో ఉండిపోయిన కుర్రవాళ్లు నాన్నగారి కట్టల్లో ఎంతోమంది. అలాంటి సమయంలో, ఆస్తిపరుడొకడిని తీసుకొచ్చి సంతకం పెట్టించగలిగేది ఎవరు? ఆ పేటలో పేరున్న దాదానే. సైకిలు దొంగతనానికి లోపలికి పోయిన పిల్లవాడు ఆ సంతకం రుణంతో బయటికి వచ్చేవాడు, ఆ రుణం డబ్బుతో తీరేది కాదు. నేరాన్ని అరికట్టడానికి పెట్టిన ఏర్పాటే దాదాలకు మనుషుల్ని సరఫరా చేయడం చూసి నాన్నగారు విసుక్కునేవారు గానీ, ఆయన కూడా ఆ కాగితాలు నింపక తప్పేది కాదు.

పేరు పడడం గురించి ఒక మాట. మా అమ్మమ్మగారి ఊరు చీరాల వైపు. సెలవులకు రైల్లో వెళుతుంటే బాపట్ల దాటాక, దొంగల ఊరని పేరుపడిన స్టూవర్టుపురం స్టేషను వస్తుంది. బండి అక్కడ ఆగినా ఆగకపోయినా పెట్టెలో పెద్దవాళ్లంతా సంచులు కాళ్ల మధ్యకు లాక్కునేవారు, ఆడవాళ్లు కొంగు మెడ చుట్టూ కప్పుకునేవారు. ఆ ఊరి పుట్టుక గురించి నేను చాలా ఏళ్ల తర్వాత గానీ చదవలేదు. ఆ ఊరి జనమైన ఎరుకలవారు ఒకప్పుడు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం గాడిదల మీదా ఎద్దుల మీదా మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్ముకున్నారు. రైళ్లు రావడం, ఉప్పు మీద బ్రిటిషు ప్రభుత్వపు నియంత్రణ బిగియడం వల్ల ఆ వర్తకం చితికిపోయింది. బతుకుతెరువు పోయినవాళ్లను, 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించి, పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టారు. ఆ తర్వాత రెండు మూడేళ్లకు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో, వాళ్లను ఒకచోట ఉంచి కనిపెట్టే స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం 1952లో రద్దయింది. సంచులు లాక్కోవడం మాత్రం రద్దు కాలేదు. ఎక్కడ కన్నం పడినా ముందు అక్కడికే పోలీసు వ్యాను వెళితే, ఆ ఊరి పిల్లవాడికి బెజవాడలో పని ఇచ్చేవాడెవడు?

సారా కథ చెప్పకుండా మా ఊరి నేరాల కథ పూర్తి కాదు. ఎనభైలలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు సరఫరా చేసింది; కూలి డబ్బులు చేతిలో పడిన చోటు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే దుకాణం ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మా వీధి ఆడవాళ్లకు ఆ రోజులు నిజంగా మంచి రోజులు. ఆ మాట తక్కువ చేసి చెప్పడానికి వీల్లేదు. అయితే నిషేధంతో పాటే సీసాలు మోసే పని ఒకటి పుట్టింది. యానాం నుంచీ, పక్క రాష్ట్రాల నుంచీ లారీల కింద రహస్య అరల్లో వచ్చిన సరుకు పేటల్లోకి చేర్చడానికి సన్నగా, వేగంగా పరుగెత్తగలిగిన పిల్లలు కావలసి వచ్చారు. ఒక సాయంత్రపు మోతకు హమాలీ రోజుకూలిని మించి ఇచ్చేవారు. 1997లో నిషేధం సడలింది. ఆ పిల్లలకు అప్పటికే కేసులున్నాయి, పరిచయాలున్నాయి, కష్టం లేని డబ్బు రుచీ తెలుసు. ఇరవై ఏళ్లు దాటాక, 2020లో రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెంచినప్పుడు, జగ్గయ్యపేట సరిహద్దు దాటి తెలంగాణ సీసాలతో మోటారు సైకిళ్ల మీద వచ్చి పట్టుబడిన కుర్రవాళ్ల ఫొటోలు పేపర్లో చూస్తూ నాన్నగారు "వీళ్ల నాన్నల కేసులు నేను రాశానేమో" అన్నారు. హాస్యానికి అన్నారని అనుకోను.

నేను చదువు ముగించి బ్యాంకులో చేరాను. కొన్నేళ్లు అజిత్‌సింగ్ నగర్ వైపు శాఖలో పనిచేశాను. కౌంటరుకు ఇవతల కూర్చున్నప్పుడు నాకు తెలిసి వచ్చినదేమిటంటే, నాన్నగారు జామీనుకు అడిగిన కాగితాలే మేము అప్పుకు అడుగుతున్నామని. ఇంటి పత్రం, జీతం చిట్టా, పూచీకత్తు. ఇడ్లీ బండికో, ఆసుపత్రి ఖర్చుకో పది వేలు కావాలని వచ్చిన మనిషి ఇవేవీ లేక వెనక్కి వెళ్లి, సాయంత్రానికి రోజువారీ వడ్డీకి తెచ్చుకునేది. ఇవ్వకూడదన్న దురుద్దేశం ఎవరికీ లేదు, నిబంధన అలా ఉంది. సూక్ష్మరుణ సంస్థలు ఆ ఖాళీలోకే వచ్చాయి. వాటి వసూళ్ల వేధింపుల మీద గొడవలు రేగి 2006లో కృష్ణా జిల్లా అధికారులు రెండు సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక ఆ సంస్థల అప్పులు దాదాపు ఆగిపోయాయి. ఆర్డినెన్సు అవసరమే, ఆత్మహత్యలు జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేరు. కానీ అప్పు అవసరం ఆర్డినెన్సుతో ఆగదు కదా.

2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ అనే అధిక వడ్డీ అప్పుల వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రమంతా ఆశ్చర్యపోయింది. మా శాఖలో అటెండరు దగ్గర నుంచి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఖాళీ ప్రామిసరీ నోట్ల మీదా, ఖాళీ చెక్కుల మీదా సంతకాలు తీసుకుని నూటికి నెలకు పది రూపాయల దాకా వడ్డీ గుంజడం, కట్టలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించడం అన్నవి పోలీసు ఫిర్యాదులుగా మారేసరికి చాలా ఆలస్యమైంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వడ్డీకి తిప్పిన పెట్టుబడి ఎక్కడెక్కడి పెద్ద ఇళ్లదో గానీ, బాకీదారు గుమ్మం ముందు బండి ఆపి కేకలు వేసే వసూలు కుర్రవాడు ఆ పక్క సందువాడే. అతనికి బాకీదారు ఇంటి గుట్టు తెలుసు. అతన్ని ఆ పనికి పెట్టుకున్నది అందుకే. నా దగ్గర పొదుపు ఖాతా ఉన్న ఒకావిడ, "సారూ, వాడు మా పిల్లాడితో కలిసి చదువుకున్నాడు, నా చేతి కూడు తిన్నాడు" అని చెప్పి, అంతకుమించి ఏమీ చెప్పకుండా పాస్‌బుక్కు తీసుకుని వెళ్లిపోయింది.

అమెరికాలోని షికాగో నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు బాల నేరస్థుల కోర్టు రికార్డులు దశాబ్దాల వారీగా పటం మీద గుర్తించి 1942లో ఒక సంగతి ప్రకటించారు. జర్మన్లు, ఐరిష్‌వారు పోయి ఇటాలియన్లు, పోలండు వాళ్లు అలా జనం మారుతూ వచ్చినా, నేరాలు ఎక్కువగా ఉన్న పేటలు మాత్రం అవే పేటలుగా మిగిలాయని. దీన్ని నేను బ్యాంకు శిక్షణలో ఎవరో చెప్పగా విని ఇంటికి వచ్చి నాన్నగారికి చెప్పాను. ఆయన విని, "ఇందుకు పటాలెందుకురా, మన బీరువా తెరిస్తే సరిపోయేది" అన్నారు. ఆయన మాటలో అతిశయం ఏమీ లేదు. వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చినవాళ్లు ఆ సందుల్లోకి వచ్చారు, కాస్త కుదురుకున్నవాళ్లు పటమటకో కానూరుకో వెళ్లారు. ఖాళీ అయిన గదుల్లోకి మళ్లీ కొత్తవాళ్లు దిగారు.

ఆ సందులను ఖాళీ చేయిస్తే సరిపోతుందని అనుకున్నవారూ ఉన్నారు. 2001లో మొదలైన వాంబే అనే మురికివాడల ఇళ్ల పథకం కిందా, ఆ తర్వాత జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం కిందా కాల్వగట్ల జనానికి సింగ్ నగర్ అవతలా, జక్కంపూడిలోనూ ఇళ్లు కట్టి ఇచ్చారు. పక్కా గోడ, పైకప్పు, మరుగుదొడ్డి ఇవన్నీ కాల్వగట్టు మీద లేనివే కనుక దాన్ని తప్పుపట్టడం అన్యాయం. అయితే గట్టు మీద ఉన్నప్పుడు నడిచి వెళ్లగలిగిన పాచిపనికి ఇప్పుడు రెండు ఆటోలు మారాలి. ఎవరి పిల్లలు ఎవరో తెలిసిన గుడిసెల వరస చెదిరి, లాటరీలో వచ్చిన నంబర్ల ప్రకారం ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే మెట్ల మీద ఎక్కిదిగసాగారు. తల్లి తెల్లవారకముందే పనికి పోయి చీకటిపడ్డాక వస్తే, మధ్యలో బడి మానేసిన పిల్లవాడిని "ఏరా, ఇక్కడేం చేస్తున్నావ్" అని అడిగే పిన్నిగానీ మామ్మగానీ లేదు. వైట్‌నరూ, పంక్చరు సొల్యూషనూ పీల్చే పిల్లలను నేను మొదట చూసింది రైల్వే స్టేషను దగ్గర; తర్వాత అక్కడ, ఆ బ్లాకుల మెట్ల కింద. ఊరి జనం బ్లేడ్ బ్యాచ్ అని పిలిచేది ఇలాంటి పిల్లలనే. చేతిలో బ్లేడు ఉన్నది నిజం, భయపడవలసిందీ నిజం. ఆ చేతుల మీద వాళ్లు కోసుకున్న గాట్లు కూడా చూసినవాడికి ఆ భయం ఒక్కటే మిగలదు.

రాజధాని ప్రకటన తర్వాత కథ భూమి వైపు తిరిగింది. అది చాలామంది రాశారు, నేను పొడిగించను. స్థలాల ధరలు పెరిగేకొద్దీ, తగాదాలను కోర్టు బయట రౌడీలు తెగ్గొట్టే సెటిల్‌మెంట్లు పెరిగాయి. 2020 మే నెలలో పటమటలో రెండు గుంపులు కత్తులతో తలపడి ప్రాణం పోయిన ఘటనకు మూలంలో ఒక అపార్టుమెంటు పంచాయితీ ఉందని పేపర్లన్నీ రాశాయి. నేను ఉద్యోగం ముగించే నాటికి మరో రకం మొదలైంది. సైబరు మోసగాళ్లు కొల్లగొట్టిన డబ్బు దాటించడానికి, కొన్ని వేలకు తమ బ్యాంకు ఖాతానూ, ఏటీఎం కార్డునూ, సిమ్‌నూ అద్దెకు ఇచ్చే కుర్రవాళ్లు వచ్చారు. ఉద్యోగం లేని డిగ్రీ పిల్లలు, డెలివరీ పని చేసేవాళ్లు. ఏదో రాష్ట్రం నుంచి పోలీసులు వచ్చినప్పుడు మొదట దొరికేది ఖాతా పేరున్న ఆ కుర్రవాడే. డబ్బు ఏ దేశానికి పోయిందో అతనికి తెలియదు.

పేదరికం వల్లనే నేరం అన్న మాటతో నాకు పేచీ ఉంది. అదే నిజమైతే కాల్వగట్టు మీద ఏ ఇల్లూ మిగలకూడదు. అక్కడి జనంలో నూటికి తొంభై మందికి పైగా పొద్దున లేచి పనికే వెళ్లారు. మా ఊరు కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ వ్యవహారంలో లక్షల మంది డిపాజిట్లు ఇరుక్కుపోయాయి. ఆ కేసు చిరునామాలు వెతకడానికి ఎవరూ కొండ ఎక్కలేదు. అందుకే సందులను నేరస్థుల సందులు అనడం నాకు నచ్చదు. చిన్న నేరం దొరికిపోయే నేరం, దానికి కట్టలుంటాయి. నేను చదివి చెప్పింది ఆ కట్టలనే.

మనిషి ఏ దారి పట్టేదీ ఎవరి అండ దొరికిందన్నదాన్ని బట్టే అని నేననే మాట మీద నాన్నగారితో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆయనకు చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. పోయిన సంక్రాంతికి మా పాత ఎదురింటి అన్నదమ్ముల ప్రస్తావన తెచ్చి, "ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లు కదరా, పెద్దవాడు ఆర్టీసీ డ్రైవరు అయ్యాడు, చిన్నవాడి మీద రౌడీషీటు తెరిచారు, నీ లెక్క ఎక్కడ కుదిరింది" అని అడిగారు. పెద్దవాడు ఎనభైలలో ఆటోనగర్ షెడ్డులో మేనమామ మాట మీద చేరి పని నేర్చి, లైసెన్సు తీసి, కాగితం ఉన్న ఉద్యోగంలోకి వెళ్లాడనీ, చిన్నవాడికి వయసు వచ్చేసరికి మేనమామ పోయాడు, పదో తరగతి తప్పాడు, అది సీసాలు మోసే ఏడాది అయిందనీ నేను చెప్పాను. "అయితే వాడి ఈడు పిల్లలంతా మోశారా" అన్నారు. ఒక్కొక్కరి పేరూ తీశాము. ఒకడికి తండ్రి కిరాణా కొట్టు ఉంది. ఇద్దరు హైదరాబాదు భవనాల పనికి పోయారు. ఒకడిని బావగారు లారీ ఎక్కించాడు. చివరికి ఒక కుర్రవాడు మిగిలాడు. అతనికి తండ్రి లేడు, కొట్టు లేదు, బావ లేడు, చదువు లేదు. సీసాలు మోయమని అడిగారనీ, మోయలేదనీ వీధిలో అందరికీ తెలుసు. ఇవాళ బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతున్నాడు. అతను ఎందుకు మోయలేదో నా దగ్గర జవాబు లేదు. నాన్నగారి దగ్గర ఉంది గానీ, నేను ఒప్పుకోలేదు.